ఎదురు తూకం

పొద్దున్నే ఎవరూ లేవకముందే స్వర్ణలత తడిగుడ్డ పట్టుకుని జెయింట్ వీల్ దగ్గరికి వెళ్ళేది. పన్నెండు బాక్సులు. ఒక్కొక్కటీ కిందికి రప్పించుకుని, సీటు తుడిచి, అడ్డంగా వేసే ఇనపకడ్డీని రెండుసార్లు గుంజి చూసి, దాని మీద చెయ్యి పెట్టేది. "ఇందులో ఇయ్యాల కూర్చునేదెవరో నాకు తెలీదు ప్రభువా, నీకు తెలుసు. క్షేమంగా ఎక్కించి క్షేమంగా దింపు." ఇలా పన్నెండుసార్లు. బాక్సులన్నీ ఒకే రంగు, ఒకే వాలకం. దేవుడికి గందరగోళం లేకుండా ఉంటుందని వాటికి ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల పేర్లు పెట్టుకుంది. మొదటిది రూబేను. దానికి సరిగ్గా ఎదురుది గాదు. ఆఖరిది బెన్యామీను, అది కాస్త కిర్రుమంటుంది, చిన్నవాడు గనక గారాబం.

భర్త కాంతారావు గ్రీజు డబ్బా పట్టుకుని వెనకాలే తిరిగేవాడు. "ఇంకా యోసేపు దగ్గరే ఉన్నావా? అవతల టీ చల్లారిపోతోంది."

"యోసేపు బోల్టు వదులైంది. బిగించి మాట్లాడు."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో వాళ్ళ పొద్దుటి మాటలు దాదాపు ఇవే. బందరులో తీర్థం జరిగినా, గుడివాడలో ఎగ్జిబిషన్ పెట్టినా, అవనిగడ్డలో చవితి పందిళ్ళ నాటికి మైదానం నిండినా, వాళ్ళ చక్రం అక్కడ లేచి నిలబడేది. చక్రం లేచిందంటే మొగుడూ పెళ్ళాల టీ చల్లారిందన్నమాటే.

స్వర్ణలతది బంటుమిల్లి అవతల చిన్న పల్లె. ఏడో తరగతి వరకు చదువుకుంది. వాళ్ళ నాన్న చేపల చెరువుల మీద కూలి. చేపలు పట్టి అమ్మే పట్టుబడి రోజున గట్టు మీంచి కాటా దాకా బుట్టలు మోసుకెళ్ళే ఆడవాళ్ళలో పదమూడేళ్ళ స్వర్ణలతా ఉండేది. బుట్ట కాటా మీద పెట్టకముందే "ముప్పై ఒకటి" అనేది. కాటా ముల్లు ముప్పై ఒకటి దగ్గరే ఆగేది. కాటా దగ్గరుండే గుమాస్తా మొదట్లో నవ్వేవాడు, తర్వాత్తర్వాత అనుమానంగా చూసేవాడు, ఆఖరికి కాటా చెడిపోయిన రోజున ఆ పిల్లనే పిలిచి నిలబెట్టేవాడు.

పెళ్ళయి చక్రం దగ్గరికి వచ్చాక ఆ కన్ను మనుషుల మీదికి తిరిగింది. చక్రం సాఫీగా తిరగాలంటే ఒక బాక్సులో కూర్చున్నవాళ్ళ బరువుకు ఎదురు బాక్సులో అంతే బరువుండాలి. లేకపోతే ఇంజను మూలుగుతుంది, పైన కూర్చున్నవాళ్ళ కడుపులో పేగులు మూలుగుతాయి. స్వర్ణలత గేటు దగ్గర నిలబడి మనిషి పొట్టకేసి చూసేది కాదు, పాదంకేసి చూసేది. మడమ నేలలో ఎంత దిగుతోంది, అడుగుకి భుజం ఎంత ఒరుగుతోంది. అంతే, లెక్క తేలిపోయేది. రెండు కిలోలకు మించి తేడా వచ్చిన రోజు లేదు. అయితే ఆడవాళ్ళ బరువు పదిమందిలో పైకి చెప్పడం పాపమని ఆమె నమ్మకం. అందుకని "దాను!" అనో, "ఆషేరు!" అనో కేకేసేది. ఏ బాక్సు ఎక్కించాలో కాంతారావుకి అర్థమయ్యేది. ఎక్కేవాళ్ళేమో అదేదో ఆశీర్వచనమనుకుని దణ్ణం పెట్టి మరీ ఎక్కేవాళ్ళు.

ఆ ఏడు అవనిగడ్డలో చక్రం నిలబెట్టి నాలుగు రోజులే అయింది. చవితి ఇంకా వారం ఉంది. పక్కన అబ్దుల్ జబ్బారూ, అతని భార్య ఖదీజా ఢిల్లీ అప్పడాల కొట్టు పెట్టారు. వాళ్ళది బందరు. పదకొండేళ్ళుగా ఏ మైదానంలోనైనా చక్రం పక్కన వాళ్ళ మూకుడే. రింగులాట వాడు బొమ్మలు పేరుస్తున్నాడు, బావిలో మోటారు సైకిలు తిప్పేవాడు చెక్కలకు మేకులు కొడుతున్నాడు. ఇంతలో కృష్ణకు వరద వచ్చింది.

వింతేమిటంటే అవనిగడ్డలో చుక్క వాన లేదు. నీలం రంగు ఆకాశం, పెళ్ళి పందిట్లోలాగా తెల్లటి ఎండ. వానంతా పైన ఎక్కడో కురిసింది, నీళ్ళు మాత్రం తీరిగ్గా నడుచుకుంటూ కిందికి వచ్చాయి. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. విపత్తు ప్రకటించారు. లంకల్లో జనాన్ని పడవల మీద ఇవతలికి తేవాలన్నారు. ఊళ్ళో మెరకగా, వెడల్పుగా, రేకుల షెడ్లూ పాయఖానాలూ నీటి ట్యాంకూ సిద్ధంగా ఉన్న చోటు ఒక్కటే, ఎగ్జిబిషన్ మైదానం.

మధ్యాహ్నానికల్లా మైదానం మారిపోయింది. బొమ్మల షాపులో బియ్యం బస్తాలు దిగాయి. మోటారు సైకిలు బావిలో మేకలు దిగాయి, గోడలు గుండ్రంగా ఉండేసరికి ఎటు పారిపోవాలో తెలియక అవి కూడా గుండ్రంగానే తిరుగుతున్నాయి. నవ్వుటద్దాల గది బాలింతలకిచ్చారు. పసిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి ఒక అద్దంలో పొడుగ్గానూ ఇంకో అద్దంలో పొట్టిగానూ కనబడి, రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్విందని చెప్పుకున్నారు.

శిబిరం బాధ్యత గ్రామ సచివాలయంలో పనిచేసే అఫ్రీన్‌కి అప్పగించారు. ఇరవై ఆరేళ్ళుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రిజిస్టరు, నోట్లో ఈల. వచ్చీ రాగానే ఈల ఊది చెప్పింది. "వినోద కార్యక్రమాలన్నీ బంద్. చక్రం తిరగడానికి వీల్లేదు. డీజిలు పడవలకీ, వంటల దగ్గర జనరేటరుకీ కావాలి."

కాంతారావు అడక్కముందే రెండు డబ్బాల డీజిలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇంజను ఎండిపోయిందమ్మా. ఇంక తిప్పమన్నా తిరగదు."

రెండో రోజు పొద్దున కరెంటు పోయింది. కాసేపటికి ఊళ్ళో సెల్ టవరూ చచ్చింది. ఆరువందల మంది చేతుల్లో ఆరువందల ఫోన్లు, ఒక్కటి మోగదు. పెదపారుపూడిలో ఉన్న అన్నకి మేం బతికే ఉన్నామని చెప్పేదెట్లా? బందరు ఆసుపత్రిలో ఉన్న కోడలికి పురుడొచ్చిందో లేదో తెలిసేదెట్లా? జనం ఫోన్లు పైకెత్తి పట్టుకుని, దేవుడికి హారతిస్తున్నట్టు మైదానమంతా తిరిగారు.

అప్పుడు జబ్బారు చక్రం ఎక్కాడు. సీరియల్ బల్బుల తీగలు విప్పడానికి ఆకులనబడే ఇనపకమ్మీల మీదుగా పైదాకా పాకాడు. నలభై అడుగుల ఎత్తున అతని జేబు ఒక్కసారిగా టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆపైన ఆగకుండా టింగు టింగుమంటూ మోగడం మొదలెట్టింది.

"బావా!" పైనుంచి అరిచాడు. "సిగ్నలొచ్చింది! రెండు గీతలు! రేపల్లె వైపు టవరు!"

కింద ఆరువందల తలకాయలు పైకి లేచాయి.

స్వర్ణలత చీరకొంగు బొడ్లో దోపుకుని తిన్నగా అఫ్రీన్ బల్ల దగ్గరికి వెళ్ళింది. "అమ్మా అఫ్రీన్ గారూ, చక్రం తిప్పుకుంటాం."

"ఆంటీ, చెప్పాగా. వినోదం బంద్. ఆర్డరుంది."

"వినోదమెవరిక్కావాలమ్మా? అది నిచ్చెన. గుండ్రంగా ఉన్న నిచ్చెన. ఎక్కి ఫోన్ చేసుకుని దిగుతారు."

"డీజిలు?"

"చేత్తో తిప్పుతాం."

అఫ్రీన్ పెన్ను మూత కొరికింది. పైన జబ్బారు ఎవరితోనో "ఆఁ, ఆఁ, బాగానే ఉన్నాం, ఇక్కడ అన్నం పెడుతున్నారు" అని చెప్తున్నాడు. ఆ మాట వింటూ కింద ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటున్నారు. అఫ్రీన్ అదీ చూసింది.

"సరే. సాయంత్రం ఐదింటి వరకే. టికెట్టు ఉండకూడదు. పాటలు పెట్టకూడదు. ఎవరూ నవ్వకూడదు, పైవాళ్ళొస్తే నాకు మాటొస్తుంది."

ఆఖరి షరతు మొదటి చుట్టు పూర్తికాకముందే తప్పింది.

చేత్తో తిప్పాలంటే ఎదురు తూకం అచ్చంగా కుదరాలి. కుదిరితే ఇంత చక్రమూ పసిబిడ్డ ఉయ్యాలలాగా కదులుతుంది. కుదరకపోతే పదిమంది మగాళ్ళు కావాలి. ఆ పదిమందీ, వాళ్ళలాంటి మరో రెండొందల మందీ కరకట్ట మీద ఇసుక బస్తాలు వేస్తున్నారు. మైదానంలో మిగిలింది కాంతారావూ, జబ్బారూ, మోకాళ్ళ నొప్పుల పెద్దాయనలూ. కనక ఆ రోజంతా భారం స్వర్ణలత కంటి మీదే పడింది. "నువ్వూ, నీ చెల్లెలూ లేవిలో ఎక్కండి. ఆ మాస్టారు గారు ఆయన గొడుగుతో సహా ఇశ్శాఖారు. గొడుగు వదలకండి మాస్టారూ, దాంతోనే సరిపోయింది!"

పైకి వెళ్ళినవాళ్ళకి నాలుగు అప్పడాల సేపు. ఆ కొలత ఖదీజాది. శిబిరం పిల్లలకు ఉచితంగా అప్పడాలు వేయిస్తోంది కదా, నాలుగోది మూకుట్లోంచి తియ్యగానే చిల్లుల గరిటెతో మూకుడు మీద కొట్టేది. టంగుమనగానే చక్రం కదిలేది. పైవాళ్ళేమో ఫోన్లు ఎందుకు కనిపెట్టారో మరిచిపోయి, మాట తిన్నగా పెదపారుపూడిలో వినపడాలన్నట్టు అరిచేవాళ్ళు. అందువల్ల కిందివాళ్ళందరికీ అందరి సంగతులూ తెలిశాయి. ఫలానా వారి బీరువా తాళం పిండి డబ్బాలో ఉంది. ఫలానా పెళ్ళికొడుకు ఫోటోలోకంటే నల్లగా ఉంటాడట. బందరు ఆసుపత్రిలో కోడలికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ కబురుకి మైదానమంతా చప్పట్లు కొట్టింది. చక్రం మీదున్న నాయనమ్మ అక్కడే, ఆ ఎత్తులోనే, లేచి నిలబడబోయింది. "కూర్చోండమ్మా! కూర్చుని సంతోషపడండి!" అని స్వర్ణలత గుండె చేత్తో పట్టుకుంది.

ఇంత సందడిలోనూ ఒక మనిషి నవ్వలేదు. ముద్దచేమంతి రంగు చీర, నుదుట రూపాయంత బొట్టు, నిండైన మనిషి. చంకలో దుప్పటి మూట. పొద్దుట్నుంచీ ట్యాంకు పక్కన నిలబడి కరకట్ట వైపే చూస్తోంది. పేరు సీతామహాలక్ష్మి. స్వర్ణలత మంచినీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి పలకరించింది.

"మీరు ఫోను చెయ్యరా అమ్మా?"

"మూడింటికి చెయ్యాలి" అందామె. "ముందు చేసినా లాభం లేదు, తర్వాత చేసినా లాభం లేదు. మా ఆయన లంకలోనే ఉండిపోయాడు. మూడు గేదెలున్నాయి. పడవలో గేదెల్ని ఎక్కించుకోం అన్నారు, అవి లేకుండా నేను రానన్నాడు. నిన్న పడవాయనతో కబురంపాడు. లంకలో రేపల్లె టవరు అందుద్ది గానీ ఫోన్లో ఛార్జింగు లేదంట, మూడింటికి తెరుస్తాడంట, ఐదు నిమిషాలుంచి కట్టేస్తాడంట."

"పడవ మళ్ళీ వెళ్తుందా?"

"వెళ్ళింది. ఏసుబాబు అని, మా వాడే. నాలుగింటి దాకా లంక ఒడ్డున ఉంటానన్నాడు. అదే ఆఖరు. చీకటి పడ్డాక అసలు నీళ్ళొస్తాయంటున్నారు. ఏసుబాబు చెప్తే వినడు. తహసీల్దారు గారు చెప్తే వినలేదు. నేను చెప్తే..." ఆమె మూట చంకలో సర్దుకుని, "నేను చెప్తే తిడతాడు. కానీ వింటాడు" అంది.

అప్పటికి రెండున్నర.

స్వర్ణలత ఆమె పాదంకేసి చూసింది. ఎనభై ఐదు. మూట దుప్పట్లదైతే మూడు కిలోలు. వెరసి ఎనభై ఎనిమిది. మైదానమంతా చూపు తిప్పి, మూకుడు దగ్గర ఆపింది.

"ఖదీజా! పొయ్యి ఆపు."

ఖదీజాకి విషయం అర్థమై చిల్లుల గరిటె చేతిలోంచి జారింది. "వద్దొదినా! నీకు దణ్ణం పెడతా! పదకొండేళ్ళ నుంచి దీని కింద బతుకుతున్నా, ఒక్కసారన్నా ఎక్కానా? ఎక్కితే నా ప్రాణం పోద్ది!"

"పోదు. ఒక ప్రాణం నిలబెట్టి వస్తావు. నీకు సరిపడా మనిషి ఆవిడే, ఆవిడకి సరిపడా మనిషి నువ్వే."

"అంటే నేనంత ఉన్నానా!"

"నేను నంబరు చెప్పానా? చెప్పలేదుగా. ఎక్కు."

ముందు రూబేనులో ముగ్గురు ఆడపిల్లలున్నారు, పైన. ముగ్గురూ కలిసి ఖదీజా అంత. ఖదీజాను గాదులో కూర్చోబెట్టి, కడ్డీ వేసి, అరచక్రం తిప్పారు. బిస్మిల్లా అంటూ కళ్ళు మూసుకున్న ఖదీజా, చుట్టూ ఉన్న గాలి మారేసరికి ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది తెరిచింది. "ఒదినా! సముద్రం కనపడతంది!"

"అది సముద్రం కాదే" కింద నుంచి ఒక పెద్దాయన అన్నాడు. "మా పొలాలు."

ఆడపిల్లలు కిందికొచ్చి దిగారు. సీతామహాలక్ష్మి ఎక్కింది. "మూట కింద పెట్టండమ్మా, నేను చూస్తుంటా" అంది స్వర్ణలత.

"దుప్పట్లేగా. ఒళ్ళో ఉంటే ధైర్యంగా ఉంటుంది."

అది నిజమే కదా అనిపించింది స్వర్ణలతకు. ఊరు వదిలొచ్చిన మనిషికి సొంత దుప్పటి అంటే సగం ఇల్లు. కాంతారావు ఆపుచెక్క తీశాడు. జబ్బారూ అతనూ ఆకు పట్టి లాగారు.

చక్రం పావు వంతు లేచి ఆగింది.

లాగారు. బెత్తెడు కదిలి, వెనక్కొచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది. సీతామహాలక్ష్మి సగం ఎత్తున వేలాడుతోంది. ఎదురుగా ఖదీజా కిందికొస్తూ వస్తూ అంతే ఎత్తున ఆగిపోయి "ఏమైంది? ఏమైందీ?" అంటోంది.

"ఇంకో ఇద్దర్ని పిలిచి గట్టిగా లాగుదాం" అన్నాడు జబ్బారు.

"వద్దు" అంది స్వర్ణలత. "బరువు అటే ఉంది. బలవంతాన పైకి తీసుకెళ్తే ఆ పక్కకి ఒరిగి దభాలున దిగుతుంది. మనం ఆపలేం. చెక్క వెయ్యండి."

చెక్క వేశారు. టైము రెండూ యాభై రెండు.

స్వర్ణలత మొహం ఎర్రబడింది. పదమూడేళ్ళ వయసు నుంచీ తప్పని కన్ను. పైకి చూసింది, కిందికి చూసింది. చేతులు నడుం మీద పెట్టుకుని, ఆడవాళ్ళ బరువు పైకి చెప్పకూడదన్న తన నియమాన్ని దేవుడికి ఒప్పజెప్పి, గట్టిగా కేకేసింది.

"అమ్మా సీతామహాలక్ష్మి గారూ! ఆ మూటలో ఏముంది?"

"దుప్పట్లు!"

"నిజం చెప్పండి!"

"ఒక దుప్పటి!"

"దుప్పట్లో?"

పైన రెండు చేతులు మూట ముడి మీద పడ్డాయి. తర్వాత చాలా చిన్న గొంతు. అంత పెద్ద మనిషిలోంచి అంత చిన్న గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. "తిరగలి."

 మోకాళ్ళ నొప్పుల పెద్దాయనలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మినుములు విసిరే తిరగలి! రెండు రాళ్ళు, పిడితో సహా!

"మా అమ్మదండీ!" పైనుంచి అరుస్తోంది సీతామహాలక్ష్మి. "నా పెళ్ళికి ఇచ్చింది! వదిలేసి ఎట్టా వస్తాను?"

"ఇరవై కిలోలమ్మా! ఇరవై కిలోలు చంకనేసుకుని పూలసజ్జ పట్టుకున్నట్టు నడిచారే!"

అదే జరిగింది. స్వర్ణలత కన్ను నడకను చదువుతుంది. చిన్నప్పట్నుంచీ వరికట్టలు మోసిన మనిషికి ఇరవై కిలోలు నడకలో తెలియనే తెలియవు. భుజం ఒరగలేదు, మడమ దిగలేదు. తిట్టుకోవాల్సింది పోయి స్వర్ణలతకు ముచ్చటేసింది. కానీ ముచ్చటపడ్డానికి వేళ కాదు. ఆమెను దింపాలంటే ఖదీజా పైకి పోవాలి, మళ్ళీ మొదట్నుంచి మొదలు. రెండూ యాభై నాలుగు.

"జబ్బారూ, నూనె డబ్బా! నిండుది!"

పదిహేను కిలోల పామాయిల్ డబ్బా. జబ్బారు భుజాన వేసుకుని ఆకుల మీదుగా పాకి ఖదీజా ఒళ్ళో పెట్టాడు. "ఇంకో ఐదు కిలోలు!" చుట్టూ చూశారు. బియ్యం బస్తాలు పాతిక కిలోలవి. ఇసుక కట్ట మీదుంది. కాంతారావు మోటారు సైకిలు బావిలోకి దూకి, గుండ్రంగా పరిగెత్తుతున్న మేకల్లోంచి ఒక పిల్లను చంకనేసుకుని వచ్చాడు.

స్వర్ణలత దాని గిట్టలకేసి చూసింది. "ఆరు. పర్లేదు. పైన జబ్బారుకి అందించు."

"మేకనా!" అంది ఖదీజా. "ఒదినా, నా పరువు..." కానీ అప్పటికే మేకపిల్ల ఆమె మెడ పక్కన సర్దుకుని, చెవికమ్మ నోట్లో పెట్టుకుంది.

చెక్క తీశారు. కాంతారావు ఒక్క చేత్తో అలా ముట్టుకున్నాడు. చక్రం కదిలింది. ఎంత మెల్లిగా, ఎంత హాయిగా కదిలిందంటే, కింద ఉన్నవాళ్ళంతా తెలియకుండానే తలలు అటు వంచారు. సీతామహాలక్ష్మి తిరగలితో సహా ఆకాశంలోకి వెళ్ళింది. మూడు గంటలు.

అఫ్రీన్ కూడా రిజిస్టరు మూసి వచ్చి నిలబడింది.

పైనుంచి మాట వినపడింది. పైనున్న మనిషి మాటే, అవతల వ్యక్తి ఏమంటున్నాడో ఊహించుకోవలసిందే.

"ఏమయ్యా!... ఎక్కడున్నానంటావేంటి, ఆకాశంలో ఉన్నా!... కాదు, చావలేదు! రంగులరాట్నం ఎక్కా!... నీకేమన్నా కళ్ళు పోయినయ్యా, కరకట్ట ఇవతలకి చూడు, చక్రం కనపడతందా?... పైన నేనే! తువ్వాలు ఊపుతున్నా చూడు!... ఆఁ! చూశావా! నేనే!"

కింద జనం కూడా చేతులు ఊపారు, లంకలో ఉన్న ఆయనకి కట్ట అడ్డమని తెలిసి కూడా.

"ఏసుబాబు పడవ నాలుగింటికి. ఎక్కెయ్... గేదెల్ని పడవెక్కించమని ఎవరన్నారు? పలుపులు విప్పి బడి మెరక మీదికి తోలు... నేనేం వదలకుండా తెచ్చానా?..."

ఆమె ఒళ్ళో మూటకేసి చూసుకుంది. కింద ఖదీజా మేకపిల్ల నోట్లోంచి చెవికమ్మ లాక్కుంటోంది.

"తెచ్చా" అంది చివరికి. "ఒళ్ళోనే ఉంది. తిరగలి... నవ్వకు! ఏమయ్యా, నవ్వకు, ఛార్జింగు అయిపోద్ది!" తర్వాత గొంతు తగ్గింది. అయినా కింద నిలబడ్డ ప్రతివాళ్ళకీ వినపడింది. "అది రాయి కదయ్యా. వదిలేసొస్తే ములిగిపోద్ది. గేదె ఈదుద్ది. నువ్వు ఈదలేవు."

ఆపైన "ఏమయ్యా" అంది. "ఏమయ్యా?" అంది. ఫోను చెవి మీంచి తీసి చూసింది.

కిందికి దిగాక కూడా అదే చెప్పింది. "కట్టయిపోయింది. ఊఁ అన్నాడో, ఉహుఁ అన్నాడో తెలీలేదు."

స్వర్ణలత మూటకు ఒక కొస పట్టుకుని, ఆమెను కరకట్ట దాకా నడిపించుకెళ్ళింది. ఇద్దరూ ఇసుక బస్తాల మీద కూర్చున్నారు. బస్తాలు మోసేవాళ్ళు అడ్డంగా ఉన్నారని విసుక్కోలేదు, ఇంకో బస్తా జరిపి నీడపట్టున చోటిచ్చారు. కృష్ణ ఎర్రగా, వెడల్పుగా, ఎవరితోనూ పని లేనట్టు పోతోంది. స్వర్ణలత లోపల ప్రార్థన చేసుకుంది. నాలుగయింది. నాలుగుంపావు అయింది. మూట మీద సీతామహాలక్ష్మి వేళ్ళు తిరగలి పిడి కోసం వెతుక్కుంటున్నాయి.

ముందు పడవ కనపడలేదు. గంటలు వినపడ్డాయి. ఘల్లు ఘల్లుమంటూ, తిరనాళ్ళకు ఎడ్లబండి వస్తున్నట్టు. తర్వాత పడవ ముక్కు, ఏసుబాబు తెడ్డు, ఆ వెనకాల ఒక సన్నటి ముసలాయన. ఆయన మెడలో గేదెల మెడపట్టెడలు మూడు, మూడింటికీ గంటలు. గేదెల్ని విప్పేసి, వాటి గంటలు తన మెళ్ళో వేసుకుని వచ్చాడు పున్నయ్య.

"వచ్చావా!" అంది సీతామహాలక్ష్మి. రెండు చేతులతో ఆయన్ను పడవలోంచి ఎత్తి గట్టు మీద పెట్టింది, నిజంగానే ఎత్తింది. "ఆ గంటలేంటయ్యా, సిగ్గులేదా, గేదెలాగా!"

"తిరగలితో చక్రం ఎక్కినదానివి, నువ్వు నాకు సిగ్గు చెప్తావా?" అన్నాడాయన. ఘల్లుమంది.

శిబిరానికి వచ్చేసరికి కథ ముందే వచ్చేసింది. జనం పక్కకి జరిగి దారిచ్చారు, పెళ్ళివారికి ఇచ్చినట్టు. ఖదీజా వేడివేడి అప్పడం, విస్తరంత పెద్దది, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పున్నయ్య పట్టుకున్నాడు గానీ తినలేదు. మెడ చాచి కరకట్ట వైపే చూస్తున్నాడు. కట్ట తప్ప ఏం కనపడుతుంది? "మెరకెక్కినయ్యో లేదో" అన్నాడు, ఎవరితోనూ కాదు. "చిన్నది తల్లి వెనకే పోద్ది. తల్లి ఎక్కితే అదీ ఎక్కుద్ది. ఎక్కిందో లేదో." సీతామహాలక్ష్మి ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

ఎండ ఇంకా ఉంది. పైనుంచి చూస్తే లంకలోని బడి మెరక స్పష్టంగా కనపడుతుంది, ఆ సంగతి పొద్దుట్నుంచీ పైకి వెళ్ళిన ప్రతివాళ్ళూ చెప్పారు. స్వర్ణలత ఆయన పాదంకేసి చూసింది. ఈసారి గంటలు కూడా కలుపుకుంది. యాభై నాలుగు. మైదానమంతా చూపు తిప్పింది. అంత సన్నటి మనిషి పెద్దవాళ్ళలో ఒక్కరే కనపడ్డారు.

అఫ్రీన్ రిజిస్టరులో "పున్నయ్య, లంక, ఒకరు" అని రాసుకుంటోంది. బల్ల మీద గడియారం ఐదుకు మూడు నిమిషాలు చూపిస్తోంది. స్వర్ణలత ఎదురుగా నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"అమ్మా అఫ్రీన్ గారూ, మిమ్మల్నొక సాయం అడగాలి. నంబరు నేను ఎవరికీ చెప్పను, ఒట్టు. ఆ పెద్దాయన తన గేదెల్ని ఒక్కసారి చూసుకోవాలంట. ఆయనకి ఎదురు మీరొక్కరే సరిపోతారు. ఆ ఈల బల్ల మీద పెట్టి, ఒక్క చుట్టు కూర్చుంటారా అమ్మా?"